బడిపంతులు రహీం సాబు

ఘట్‌కేసర్ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి యూనివర్సిటీకి వచ్చే మన విద్యార్థులకు ఉప్పల్ దగ్గర క్రికెట్ స్టేడియం దీపస్తంభాలు కనబడతాయి. ఆ దీపాల కింద ఎవరు ఎన్ని సెంచరీలు కొట్టారో నిద్రలో లేపి అడిగినా మనవాళ్లు చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ అదే బస్సులో పదిమందిని పట్టుకుని, భారత ఫుట్‌బాల్ జట్టును ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా నడిపించిన హైదరాబాదీ ఎవరని అడిగి చూడండి. ఒకరిద్దరు 2024లో వచ్చిన హిందీ సినిమా పేరు చెబుతారు. మిగతావాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఆయన మన ఉస్మానియా పట్టభద్రుడనీ, బళ్లో పాఠాలు చెప్పుకుని బతికిన సామాన్య ఉపాధ్యాయుడనీ ఎవరికీ గుర్తుండదు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతా పిలిచింది రహీం సాబు అని.

ఫుట్‌బాల్‌లో ఒక అన్యాయం ఉంది. గోలు కొట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో పడుతుంది. గోలు పడకుండా ఆపిన బ్యాకు పేరు పడదు. వాళ్లిద్దరినీ ఎక్కడ నిలబెట్టాలో ముందురోజు రాత్రి కూర్చుని ఆలోచించినవాడి పేరు అసలే పడదు. అలా పేరు పడని పనిలో జీవితమంతా గడిపిన మనిషి కథ ఇది.

గన్‌ఫౌండ్రీ రోజులు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఆయన ఉస్మానియాలో చేరే నాటికి ఇవాళ మనం చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు. అది 1939లో గానీ ప్రారంభం కాలేదు. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం అప్పట్లో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని ఇళ్లల్లో నడుస్తూ ఉండేది. చదువు ఉర్దూ మాధ్యమం. ఆ ఇరుకు ఇళ్లల్లోనే పాఠాలు చదివి, సాయంత్రం బయట మైదానంలో యూనివర్సిటీ జట్టు తరఫున ఆడేవారు రహీం. 1920ల చివరి సంవత్సరాల నుంచి 1930ల మొదటి దాకా ఆ జట్టులో ఆయన ముఖ్యమైన ఆటగాడు.

చదువు ముగిసింది, బి.ఏ. పట్టా చేతికొచ్చింది. అయినా ఆట వదలలేదు. కాలేజీలో చదువుతున్నవాళ్లూ, చదివి వెళ్లినవాళ్లూ కలిసి ఎలెవన్ హంటర్స్ అనే జట్టు పెట్టుకున్నారు. తరువాత దానికే ఖమర్ క్లబ్బు అని పేరు వచ్చింది. నగరంలోని లీగు పోటీల్లో అది మంచి పేరున్న జట్టు. రహీం అందులో ఆడారు. పూర్వవిద్యార్థులూ ప్రస్తుత విద్యార్థులూ ఒకే చొక్కా వేసుకుని ఆడిన ఆ క్లబ్బు గురించి మన యూనియన్ మిత్రులు ఒక్కసారి ఆలోచించాలని ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

జీవనోపాధికి ఆయన ఎంచుకున్నది బడి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం హైస్కూలు, చంచల్‌గూడ హైస్కూలు, ఇవీ ఆయన పనిచేసిన బళ్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. ఈ ఉద్యోగాల జాబితాను దాటవేయకండి. రహీం కోచ్‌గా ఏం చేశారో తెలియాలంటే ముందు ఆయన పంతులు అని గుర్తుపెట్టుకోవాలి. పంతులు ఏం చేస్తాడు? అక్షరాలు రాని పిల్లవాణ్ణి కూర్చోబెట్టి పలక మీద దిద్దిస్తాడు. రాని అక్షరమే పదిసార్లు రాయిస్తాడు. రహీం మైదానంలో చేసిందీ అంతే.

1940ల మొదట్లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయన మీదే ఉంది. లీగు పోటీలు పెట్టడం, రిఫరీలను కుదర్చడం, చిన్న జట్లను పోగుచేయడం, ఈ చాకిరీ అంతా చేశారు. కోచ్ అన్న పేరు వెనుక ఈ గుమాస్తా పని కూడా ఉంది.

ఎడమ కాలి పోటీలు

ఆ రోజుల్లో మన దేశంలో ఆట ఎలా ఉండేదంటే, బంతి దొరికినవాడు తానే తీసుకుపోయేవాడు. ఇద్దరినీ ముగ్గురినీ తప్పించి చప్పట్లు కొట్టించుకునేవాడు. వెనకాల ఉండే బ్యాకులు బంతి వస్తే చాలు, బలమంతా పెట్టి అవతలికి తన్నేవారు. అది ఎవరి కాళ్ల దగ్గర పడుతుందో దేవుడికెరుక. చూడ్డానికి సరదాగా ఉండేది గానీ, ఆటలో పొందిక ఉండేది కాదు.

రహీం దీనికి విరుగుడుగా కొత్తరకం పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతితో ఎవరూ పరుగెత్తి తప్పించకూడదు, వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో తన్నాలి, ఎడమకాలివాడు కుడితో. మొదట్లో చూసినవాళ్లు నవ్వి ఉంటారు. మొనగాడనుకున్నవాడు కూడా బలహీనమైన కాలితో బంతిని నేరుగా పంపలేక తడబడతాడు కదా. కానీ కొన్నేళ్లకు దాని ఫలితం కనబడింది. రెండు కాళ్లతో పొట్టి పాసులు ఇచ్చి, నేలమీదే బంతిని నడిపించే ఆటగాళ్లు హైదరాబాదు గల్లీల్లోంచి పుట్టుకొచ్చారు.

ముఖ్యంగా బ్యాకులకూ హాఫ్ బ్యాకులకూ ఇది కొత్త చదువు. బంతిని ఆపితే పని అయిపోదు. ఆపిన బంతి మనవాడికి చేరినప్పుడే పని అయినట్టు. ఎదురుదాడి వెనక నుంచే మొదలవుతుందనే ఈ సంగతి ఇవాళ టీవీలో ఆట చూసే పిల్లవాడికి కూడా తెలుసు. 1940ల నాటి హైదరాబాదులో అది ఒక బడిపంతులు పట్టుబట్టి నేర్పించవలసిన విషయం.

పోలీసు టీము

ఇక హైదరాబాదు సిటీ పోలీసు జట్టు సంగతి. అప్పట్లో ఫుట్‌బాల్ ఆడి బతకడం అనే మాట మన దేశంలో పైకి అనేవారు కాదు. అందరూ పేరుకు అమెచ్యూర్లే. కానీ ఆడేవాడికీ కడుపు ఉంటుంది, ఇంట్లో తల్లిదండ్రులు ఉంటారు. ఆ చిక్కును పోలీసు శాఖ తీర్చింది. బాగా ఆడే కుర్రవాడికి శాఖలో ఉద్యోగం ఇచ్చేవారు. నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చేది. పేద ఇళ్ల పిల్లలు నిశ్చింతగా ఆడగలిగారంటే కారణం ఆ జీతమే. రహీం చేతికి వచ్చింది అలాంటి జట్టు.

1950లో ఆ జట్టు దేశం దృష్టిలో పడింది. డ్యూరాండ్ కప్పు పోటీలు యుద్ధకాలంలో ఆగిపోయి, స్వాతంత్ర్యం వచ్చాక తిరిగి మొదలైన సంవత్సరం అది. ఢిల్లీలో ఫైనల్, ఎదురుగా కలకత్తా మోహన్ బగాన్. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులు. మోహన్ బగాన్ రెండు గోల్స్ ముందుంది. ఆట ముగింపుకు వస్తోంది. హైదరాబాదు వాళ్ల పని అయిపోయిందని అనుకుంటుండగా పోలీసులు రెండు గోల్సూ తిరిగి చెల్లించారు. ఆట డ్రా అయింది. మళ్లీ ఆడిన ఫైనల్‌లో ఒక్క గోలుతో కప్పు హైదరాబాదుకు వచ్చింది. ఆ జట్టులో హాఫ్ బ్యాకుగా నూర్ మహమ్మద్, బ్యాకుగా అజీజుద్దీన్ వంటివాళ్లు స్థిరపడిన కాలం అది. వీళ్లిద్దరూ తరువాత 1952, 1956 ఒలింపిక్ జట్లు రెండింటిలోనూ ఉన్నారు. మన నగరం నుంచి రెండుసార్లు ఒలింపిక్స్‌కు వెళ్లిన డిఫెన్సు ఆటగాళ్ల పేర్లు ఇవాళ మన నోట రావడం లేదంటే అది వాళ్ల తప్పు కాదు.

ఆ తరువాత బొంబాయి రోవర్స్ కప్పు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఆ కప్పు పోలీసు జట్టుదే. అయిదేళ్లు ఒకే కప్పును వదలకుండా పట్టుకోవడం అంటే మాటలు కాదు. మొదటి ఏడు కొత్తవాళ్లని ఎదుటివాడు తేలిగ్గా తీసుకుంటాడు. రెండో ఏడు జాగ్రత్తపడతాడు. మూడో ఏడు మీ ఎత్తులన్నీ చదువుకుని వస్తాడు. అప్పుడు కూడా గెలవాలంటే కొత్త ఎత్తులు ఉండాలి, కొత్త కుర్రవాళ్లు తయారవుతూ ఉండాలి. రెండూ రహీం చూసుకున్నారు. డ్యూరాండ్ కప్పు మళ్లీ 1954లోనూ 1957లోనూ వచ్చింది. 1952, 1956ల్లో ఫైనల్‌కు వెళ్లి ఓడారు. 1957లో రోవర్స్ కప్పు కూడా తిరిగి పోలీసులదే అయింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లో, మళ్లీ 1957-58లో గెలిచింది.

రాష్ట్రం మారింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నాళ్లకు జట్టు పేరు కూడా ఆంధ్ర పోలీసు అయింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ గెలిచారు. చొక్కా మీద పేరు మారింది గానీ, మైదానం గట్టున నిలబడ్డ మనిషి మారలేదు.

బలరాం సైకిలు

రహీం ఆటగాళ్లను ఎలా వెతికేవారో చెప్పడానికి ఒక సంగతి చాలు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. బీద కుటుంబం. వాడి ఆట రహీం కంట పడింది. వచ్చి ప్రాక్టీసులో చేరమని పిలిచారు. కానీ రోజూ అంత దూరం రావాలంటే అద్దె సైకిలు కావాలి, అద్దెకు డబ్బులు లేవు. రహీం ఆ సైకిలు అద్దె తన జేబులోంచి ఇచ్చారు. ఆ కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడి, దేశం మెచ్చిన ఫార్వర్డు అయ్యాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. బలరాం 2023లో కన్నుమూసేదాకా ఈ సైకిలు సంగతి మరిచిపోలేదు.

మంచి ఆటగాళ్లు తయారైన వెంటనే కలకత్తా క్లబ్బులు పిలుచుకుపోవడం ఆ రోజుల్లో మామూలే. ఇది రహీంకు ఒక విధంగా గర్వం, ఇంకొక విధంగా ఎడతెగని చాకిరీ. ఒక చెట్టు కాయలు కోసుకుపోతే ఇంకొక మొక్క నాటాలి. ఆయన నాటుతూనే ఉన్నారు.

హెల్సింకీ దెబ్బ

1950 నుంచి రహీం భారత జట్టుకు కూడా కోచ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మన జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. దేశమంతా పొంగిపోయింది.

మరుసటి సంవత్సరమే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనను 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అక్కడి చలిలో, తడి నేల మీద వట్టికాళ్లతో యూరపు జట్టును ఎదుర్కోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెనక నిలబడ్డ బ్యాకుల మీద ఎంత ఒత్తిడి పడి ఉంటుందో పది గోల్స్ లెక్కే చెబుతుంది.

ఇక్కడ రహీం స్వభావం తెలుస్తుంది. ఓడినవాడు సాకులు వెతుక్కోవడం లోకంలో మామూలు. చలి అనవచ్చు, బూట్లు అనవచ్చు. బూట్ల సంగతి నిజమే, ఆ తరువాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. కానీ రహీం అక్కడితో ఆగలేదు. ఆ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన హంగరీ జట్టు ఆటను మనసుకు పట్టించుకున్నారు. వాళ్ల సెంటర్ ఫార్వర్డు ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడేవాడు. అతణ్ణి వెంటాడాలో వదలాలో ఎదుటి బ్యాకుకు తోచేది కాదు. వెంటబడితే వెనక ఖాళీ అవుతుంది, వదిలేస్తే అతను హాయిగా ఆట నడిపిస్తాడు. రహీం ఈ కిటుకును ఇంటికి తెచ్చి మనవాళ్లకు నేర్పారు. నలుగురు బ్యాకులు, ఇద్దరు హాఫ్ బ్యాకులు, నలుగురు ఫార్వర్డులు ఉండే పద్ధతిని 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ లోకానికంతా చూపించింది. దానికి దగ్గరి పద్ధతిని రహీం అంతకుముందే మన దగ్గర ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

నాలుగేళ్ల చదువుకు పరీక్ష 1956లో మెల్బోర్న్‌లో వచ్చింది. మన జట్టు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనది అయింది. సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోలు కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడారు, కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. పది గోల్స్ తిన్న చోటునుంచి నాలుగేళ్లలో అక్కడికి చేరడం పతకానికి తీసిపోయేది కాదు.

కన్నకొడుకు బెంచీ మీద

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా స్కోర్లు రాస్తారు. హంగరీ చేతిలో 2-1తో ఓటమి, ఫ్రాన్సుతో 1-1 డ్రా, పెరూ చేతిలో 3-1తో ఓటమి. నాకు మాత్రం ఇంకొక సంగతి గుర్తుండిపోయింది. ఆ జట్టులో సయ్యద్ షాహిద్ హకీం అనే హాఫ్ బ్యాకు ఉన్నాడు. రహీం సాబు కొడుకు. మూడు ఆటలు జరిగాయి. మూడింటిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు.

తండ్రి కోచ్, కొడుకు బెంచీ మీద. మన సమాజంలో పదవిలో ఉన్నవాడు తనవాడికి ఏం చేస్తాడో మనకు తెలియనిది కాదు. ఆ తండ్రి మనసులో ఏముందో, ఆ కొడుకు మనసులో ఏముందో మనం కల్పించుకోకూడదు. కానీ ఒకటి చెప్పవచ్చు. ఆ కొడుకు ఆట మీద అలగలేదు. వైమానిక దళంలో అధికారిగా ఉంటూ సర్వీసెస్‌కు ఆడాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, కోచ్ అయ్యాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021 ఆగస్టులో కన్నుమూశాడు.

జకార్తా

1962 సెప్టెంబరు నాటికి రహీం ఆరోగ్యం దెబ్బతింటోంది. అయినా ఆసియా క్రీడలకు జట్టుతో జకార్తా వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తరువాత థాయిలాండ్ మీద 4-1తో, జపాన్ మీద 2-0తో గెలిచారు. థాయిలాండ్ ఆటలో మన సెంటర్ బ్యాకు జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. బయట పరిస్థితి ఇంకా పాడైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడం మీద మన దేశపు క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పేసరికి జకార్తా జనం భారతీయుల మీద మండిపడ్డారు. స్టేడియంలో మనవాళ్లు కనబడితే గేలిచేయడమే.

సెమీఫైనల్‌కు రహీం చేసిన పని చూడండి. తలకు కుట్లున్న బ్యాకును ఇంటికి పంపలేదు, వెనకా నిలబెట్టలేదు. సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. జీవితమంతా గోల్స్ ఆపినవాడికి గోలు కొట్టేవాడి కష్టం తెలుసు, ఎదుటి బ్యాకు ఎక్కడ తడబడతాడో కూడా తెలుసు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియం నిండా ఎదుటివాళ్ల పక్షమే. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది గానీ 2-1తో బంగారం మనదే. ఆ రోజు గోలు దగ్గర నిలబడ్డ పీటర్ తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడే. ముందువరసలో ఆడిన యూసుఫ్ ఖాన్ ఆంధ్ర పోలీసు ఆటగాడు, బలరాం మన అమ్ముగూడ కుర్రవాడు.

ఆ తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం సాబు కన్నుమూశారు. వయసు 53.

మనకు మిగిలింది

ఆ బంగారం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇంకొక బంగారం రాలేదు. హైదరాబాదు సంగతి ఇంకా దిగజారింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ తరువాత మెల్లగా వెలుగు తగ్గింది. 2022లో హైదరాబాదు పేరుతో ఉన్న క్లబ్బు ఇండియన్ సూపర్ లీగు గెలిచినప్పుడు సంతోషించాం. కానీ ఆ జట్టు మన బళ్లల్లోంచి, మన గల్లీల్లోంచి పుట్టింది కాదు.

ఎందుకిలా అయింది? ఒక్కమాట నిష్ఠూరంగానే రాయవలసి ఉంది. మనం ఒక ఇంటిని ఒకే స్తంభం మీద నిలబెట్టాం. సంఘానికి కార్యదర్శి ఆయనే, పోలీసు జట్టుకు కోచ్ ఆయనే, దేశానికి కోచ్ ఆయనే, అమ్ముగూడ పిల్లవాడికి సైకిలు అద్దె ఇచ్చేదీ ఆయనే. ఆయన బతికినంతకాలం అది గొప్పతనంగా కనబడింది. పోయాక అదే లోటుగా తేలింది. ఆయన నేర్పిన విద్యను పద్ధతిగా రాసిపెట్టి, ఆయన శిష్యులకు బళ్లు అప్పగించి, ఎడమకాలి పోటీలు ఏటేటా నడిపించి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. రహీం సాబు అంత గొప్పవాడు మళ్లీ పుట్టలేదని విచారిస్తాం. అంత గొప్పవాడు లేకున్నా నడిచే ఏర్పాటు చేసుకోలేదని మాత్రం విచారించం.

విద్యార్థి మిత్రులారా, రహీం సాబుకు శిలావిగ్రహం పెట్టించమని నేను యూనియన్‌ను కోరడం లేదు. విగ్రహాలకు మన ఊళ్లో కొదవ లేదు. వచ్చే ఏడు మన కాలేజీ ఆటల పోటీల్లో ఒక్కరోజు, ఒక్క మ్యాచ్, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీ పెట్టండి. మొదట అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఘట్‌కేసర్ నుంచో నాచారం నుంచో వచ్చిన ఒక పిల్లవాడు తడబడి, పడి, లేచి, సాయంత్రానికి ఎడమకాలితో ఒక్క పాసు సూటిగా తోటివాడికి అందిస్తే చాలు. గన్‌ఫౌండ్రీ ఇరుకు ఇళ్లల్లో మొదలైన పాఠం ఇక్కడ ఇంకొక రోజు నడిచినట్టే.